పగలు వినిపించని విశాఖ రాత్రి ఎలా పలుకుతుంది? రేడియో, ఫోన్ల భాషలోని మూల పదాలు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పుర్‌కు తూర్పున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, మహానదికి చేరువలో ఉన్న పురాతన పట్టణం ఆరంగ్. భాండ్ దేవల్ జైన ఆలయం కారణంగా చరిత్రకారులకు, రాయ్‌పుర్–విజయనగరం రైలు మార్గంలోని ఆరంగ్ మహానది స్టేషన్ కారణంగా ప్రయాణికులకు ఈ పేరు పరిచితమే. 1931లో పూర్తయిన ఆ మార్గం ఉత్తరాంధ్రను ఛత్తీస్‌గఢ్ మైదానంతో కలిపింది. రైల్వేలో, భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు రాయ్‌పుర్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడ్డాయి.

ఇలాంటి ఒక ఇంట్లో పాత మీడియం వేవ్ రేడియో ఉందనుకుందాం. పగటివేళ ముల్లును 981 కిలోహెర్ట్జ్ దగ్గరకు తెస్తే ఆకాశవాణి రాయ్‌పుర్ కేంద్రం స్పష్టంగా వినిపిస్తుంది. విశాఖపట్నం కేంద్రానికి చెందిన 927 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం గరగర తప్ప మరేమీ ఉండదు. విశాఖ అక్కడికి గగన మార్గాన 400 కిలోమీటర్లకు పైబడిన దూరం. అయితే పొద్దు గూకిన తర్వాత, ప్రసారం సాగుతున్న వేళ, అదే సెట్టులో అదే ముల్లు దగ్గర తెలుగు మాట వినిపించే అవకాశం ఉంది. సెట్టు మారలేదు, స్టేషన్ మారలేదు, దూరమూ మారలేదు. మరి మారిందేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్ ఇంజినీరింగ్‌లోని ప్రాథమిక పదాలు కొన్ని తెలిసి ఉండాలి. ఫ్రీక్వెన్సీ, బ్యాండ్‌విడ్త్, మాడ్యులేషన్, యాంటెన్నా, డెసిబెల్ వంటి మాటలు ఇంజినీరింగ్ విద్యార్థుల పాఠ్యపుస్తకాలకే పరిమితం కావు. సెల్‌ఫోన్ బిల్లులో, ఇంటర్నెట్ పథకాల ప్రకటనల్లో, తుపాను హెచ్చరికల సమయంలో ఇవే మాటలు ఎదురవుతాయి. ఒక గొంతు ఒక చోట బయలుదేరి మరో చోట చెవికి చేరేవరకు సాగే ప్రయాణంలో ప్రతి మజిలీకి ఒక పేరుంది. ఆ పేర్లు తెలిస్తే ప్రయాణం ఏ మజిలీలో ఆగిందో కూడా తెలుస్తుంది.

మాట విద్యుత్తుగా మారే చోటు

స్టూడియోలో వార్తలు చదివేవారి గొంతు గాలిలో కంపనాలుగా బయలుదేరుతుంది. మైక్రోఫోన్‌లోని పల్చని పొర ఆ కంపనాలకు అనుగుణంగా కదిలి, వాటిని విద్యుత్తు హెచ్చుతగ్గులుగా మారుస్తుంది. ఇలా శక్తిని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే సాధనాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. లౌడ్‌స్పీకర్ ఇదే పనిని తిరగేసి చేస్తుంది. సమాచారాన్ని మోసే ఆ విద్యుత్తు హెచ్చుతగ్గులనే సంకేతం, అంటే సిగ్నల్ అని పిలుస్తారు.

ఇక్కడ మూడు పదాలను వేరు చేసి చూడాలి. మేడ మీద నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కింద కుళాయి దగ్గర ఒత్తిడి అంత ఎక్కువ. విద్యుత్తులో ఆ ఒత్తిడి పేరు వోల్టేజీ, దాని కొలమానం వోల్టు. గొట్టంలో నీరు ప్రవహించినట్టు తీగలో సాగే విద్యుత్ ప్రవాహం కరెంటు, దాని కొలమానం ఆంపియర్. గొట్టం సన్నబడితే నీటికి అడ్డు పెరిగినట్టు తీగలో ప్రవాహానికి ఎదురయ్యే అడ్డంకి నిరోధం, దాని కొలమానం ఓమ్. వాడుకలో ‘కరెంటు పోయింది’ అంటే సరఫరా ఆగిందని అర్థం. సాంకేతికంగా చూస్తే, సరఫరా ఉన్నప్పుడు కూడా ఏమీ తగిలించని ప్లగ్గులో వోల్టేజీ ఉంటుంది గాని కరెంటు ఉండదు. పొలంలో మోటారు మొరాయించినప్పుడు రైతు ‘లో వోల్టేజీ’ అంటాడు. ఆ మాట సాంకేతికంగా కచ్చితమైనదే.

మైక్రోఫోన్ నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది. దానిని పెంచే సాధనం యాంప్లిఫయర్, తెలుగులో వర్ధకం. వర్ధకం తనంత తానుగా శక్తిని సృష్టించదు. బ్యాటరీ నుంచో సరఫరా నుంచో వచ్చే పెద్ద విద్యుత్తును, చిన్న సంకేతం చెప్పినట్టు ఆడిస్తుంది. పెద్ద కాలువ తూమును చేతితో తిప్పడం వంటిది ఈ పని. తూము తిప్పడానికి పెట్టే బలం కొద్దిపాటిదే అయినా అది అదుపు చేసే నీరు అపారం.

ఒకప్పుడు ఈ పనిని గాజు వాల్వులు చేసేవి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ తొలి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. వారితో పాటు విలియం షాక్లీకి 1956లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లు రావడంతో రేడియో అలమరా మీద నుంచి దిగి భుజానికి వేలాడింది, పొలం గట్టుకు చేరింది. అందుకే తెలుగునాట చాలాకాలం చిన్న రేడియో పేరే ‘ట్రాన్సిస్టర్’ అయింది. లోపలి భాగం పేరు మొత్తం వస్తువుకు స్థిరపడిన ఉదాహరణ ఇది.

పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం

ఒక సెకనులో తరంగం ఎన్నిసార్లు కంపిస్తుందో తెలిపే సంఖ్య పౌనఃపున్యం, వాడుకలో ఫ్రీక్వెన్సీ. దాని కొలమానం హెర్ట్జ్. వెయ్యి హెర్ట్జ్‌లు ఒక కిలోహెర్ట్జ్, పది లక్షల హెర్ట్జ్‌లు ఒక మెగాహెర్ట్జ్, వంద కోట్ల హెర్ట్జ్‌లు ఒక గిగాహెర్ట్జ్. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులను వినగలదు.

ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరం వరకు ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. రేడియో తరంగాలు కాంతి వేగంతో, అంటే సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో సాగుతాయి. ఆ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. రాయ్‌పుర్ కేంద్రం 981 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 306 మీటర్లు. హైదరాబాద్ ఎఫ్ఎం రెయిన్‌బో ప్రసారమయ్యే 101.9 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లకు కొంచెం తక్కువ. పౌనఃపున్యం పెరిగేకొద్దీ తరంగం పొట్టిదవుతుంది. ఈ ఒక్క సూత్రం నుంచే మిగిలిన విషయాలు చాలావరకు తేలతాయి.

సరకు ఒకటి, బండి మరొకటి

గొంతును నేరుగా రేడియో తరంగంగా మార్చి పంపకూడదా అన్న సందేహం సహజం. యాంటెన్నా సమర్థంగా పనిచేయాలంటే దాని పొడవు తరంగదైర్ఘ్యంలో కనీసం నాలుగో వంతుకు దగ్గరగా ఉండాలి. మాటలోని 1 కిలోహెర్ట్జ్ స్వరాన్ని అలాగే పంపాలంటే తరంగదైర్ఘ్యం 300 కిలోమీటర్లు అవుతుంది, యాంటెన్నా ఎత్తు 75 కిలోమీటర్లు కావాలి. అది అసాధ్యం. పైగా అన్ని కేంద్రాల గొంతులూ ఒకే పౌనఃపున్యాల మీద వెలువడితే సంతలో గోలలా కలిసిపోతాయి.

కాబట్టి సరకును బండికి ఎక్కిస్తారు. మాట సరకు. అధిక పౌనఃపున్యం గల తరంగం బండి, దీనికి వాహక తరంగమని పేరు. మాట ఆకృతిని వాహక తరంగం మీదికి ఎక్కించే ప్రక్రియ మాడ్యులేషన్. మాట హెచ్చుతగ్గులను అనుసరించి వాహక తరంగం ఎత్తును, అంటే కంపన పరిమితిని మారిస్తే అది ఏఎం. ఎత్తును మార్చకుండా పౌనఃపున్యాన్ని స్వల్పంగా అటూఇటూ జరిపితే అది ఎఫ్ఎం.

ఈ తేడాను ఈదురుగాలుల కాలంలో ఎవరైనా గుర్తించవచ్చు. ఆకాశంలో మెరుపు మెరిస్తే మీడియం వేవ్ రేడియో ఫట్‌మంటుంది. మెరుపు పుట్టించే విద్యుదయస్కాంత అలజడి తరంగం ఎత్తును చెదరగొడుతుంది, ఏఎంలో మాట దాగి ఉన్నది ఆ ఎత్తులోనే. ఎఫ్ఎం సెట్టు ఎత్తులోని మార్పులను కత్తిరించి పక్కన పెట్టి పౌనఃపున్యాన్నే చదువుతుంది. కనుక అక్కడ ఆ చప్పుడు దాదాపు వినిపించదు.

తొమ్మిదితో భాగించే లెక్క

మాటను ఎక్కించుకున్న వాహక తరంగం ఒకే పౌనఃపున్యం వద్ద నిలవదు, రెండు వైపులా కొంత చోటు ఆక్రమిస్తుంది. ఆ చోటు వెడల్పే బ్యాండ్‌విడ్త్. మన దేశంలో మీడియం వేవ్ కేంద్రాలను 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో అమర్చారు. రాయ్‌పుర్ 981, విశాఖ 927, కడప 900, విజయవాడ 837, హైదరాబాద్ 738 ఏవైనా 9తో నిశ్శేషంగా భాగించబడటానికి కారణం ఇదే. ఈ ఇరుకులో సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జ్‌ల వరకు ఉన్న ధ్వనులే పడతాయి. మాటకు అది సరిపోతుంది. వీణ తీగ చివరి ఝంకారానికి, తాళాల మిలమిలకు సరిపోదు. ఒక్కో ఎఫ్ఎం కేంద్రానికి సుమారు 200 కిలోహెర్ట్జ్‌ల చోటు దొరుకుతుంది. అందువల్ల 15 కిలోహెర్ట్జ్‌ల వరకు ధ్వనులు చేరి సంగీతం నిండుగా వినిపిస్తుంది.

రోడ్డు వెడల్పు పెరిగితే బళ్లు ఎక్కువ పడతాయి గాని ఒక్కో బండి వేగం దానంతటదే పెరగదు. బ్యాండ్‌విడ్త్ కూడా వేగం కాదు, వెడల్పు. ఇంటర్నెట్ ప్రకటనల్లో ఈ రెండింటినీ కలిపి వాడుతుండటం వల్ల వినియోగదారుల్లో అయోమయం ఏర్పడుతోంది.

యాంటెన్నా చెప్పే సంగతి

తీగలోని విద్యుత్తును అంతరాళంలోకి తరంగంగా విడిచేది, అంతరాళంలోని తరంగాన్ని తిరిగి విద్యుత్తుగా పట్టేది యాంటెన్నా. 981 కిలోహెర్ట్జ్ తరంగానికి నాలుగో వంతు సుమారు 76 మీటర్లు. అందుకే మీడియం వేవ్ ప్రసార ప్రాంగణాల్లో స్తంభాలు అంత ఎత్తున నిలుస్తాయి. ఎఫ్ఎం, సెల్ టవర్లలో స్తంభం కేవలం ఆధారం, యాంటెన్నా దాని పైభాగాన ఉంటుంది. మీడియం వేవ్‌లో సాధారణంగా స్తంభమంతా యాంటెన్నాయే.

సెట్టు వైపు కూడా ఇదే సూత్రం. ఎఫ్ఎం తరంగానికి నాలుగో వంతు ముప్పావు మీటరు. రేడియో పైనుంచి లాగే లోహపు కడ్డీ పొడవు దానికి సరిపడినదే. మీడియం వేవ్‌కు మాత్రం ఆ కడ్డీతో పని ఉండదు. సెట్టు లోపల ఫెర్రైట్ అనే నల్లని కడ్డీ చుట్టూ చుట్టిన రాగి తీగే దానికి యాంటెన్నా. ఆ కడ్డీ పక్కభాగం ప్రసార కేంద్రం వైపు ఉన్నప్పుడు బాగా పడుతుంది, కొన కేంద్రం వైపు తిరిగితే గ్రహణం క్షీణిస్తుంది. మీడియం వేవ్ సరిగ్గా వినిపించనప్పుడు పై కడ్డీని ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. సెట్టును ఉన్నచోటే మెల్లగా తిప్పి చూడటం ఫలితమిస్తుంది.

మూడు దారులు

తరంగం యాంటెన్నాను విడిచిన తర్వాత ముఖ్యంగా మూడు దారుల్లో సాగుతుంది. ఆరంగ్ శ్రోత అనుభవంలో ఈ మూడూ ఉన్నాయి.

మొదటిది భూతల తరంగం. ఇది నేలను అంటిపెట్టుకుని, భూమి వంపును అనుసరిస్తూ సాగుతుంది. తక్కువ పౌనఃపున్యాలకు ఈ దారి అనుకూలం. తడి నేల, సముద్రపు నీరు దీనిని మరింత దూరం తీసుకువెళతాయి, రాతి నేల తొందరగా మింగేస్తుంది. దూరంతో పాటు తరంగం బలం తగ్గిపోవడాన్ని క్షీణత అంటారు. రాయ్‌పుర్ మీడియం వేవ్ ప్రసారం పగలు ఆరంగ్‌కు చేరేది ఈ దారినే. విశాఖ నుంచి బయలుదేరిన భూతల తరంగం తూర్పు కనుమలను దాటి ఇంత దూరం వచ్చేసరికి నీరసించిపోతుంది.

రెండోది అంతరాళ తరంగం. ఎఫ్ఎం, టెలివిజన్, సెల్‌ఫోన్ తరంగాలు దాదాపు సూటిగా సాగుతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం వెళ్లాక నేల వాటి కిందకు ఒరిగిపోతుంది. టవర్ ఎత్తు మీటర్లలో తెలిస్తే, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే చూపు ఆనే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఉదాహరణకు 100 మీటర్ల టవర్ అయితే 100కు వర్గమూలం 10, చూపు ఆనే దూరం దాదాపు 36 కిలోమీటర్లు. వాతావరణం తరంగాన్ని కాస్త వంచడం వల్ల రేడియోకు ఇది 41 కిలోమీటర్ల వరకు పెరుగుతుంది. అలాంటి టవర్ రాయ్‌పుర్‌లో ఉంటే ఆరంగ్ సరిగ్గా దాని అంచున పడుతుంది. అంచున ఉన్న ఊళ్లలో మేడ మీద ఎఫ్ఎం పలికి కింది గదిలో పలకకపోవడంలో వింత లేదు. ఎత్తు కొద్దిగా పెరిగినా చూపు ఆనే దూరం పెరుగుతుంది.

మూడోది వ్యోమ తరంగం, మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే. భూమికి సుమారు 60 కిలోమీటర్ల పై నుంచి సూర్యకిరణాల తాకిడికి గాలిలోని అణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి విద్యుదావేశం పొందుతాయి. ఈ పొరల సముదాయమే ఐనోస్ఫియర్, తెలుగులో ఐనో ఆవరణం. పగటివేళ దాని అట్టడుగున, 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య, డీ పొర ఏర్పడుతుంది. మీడియం వేవ్ తరంగాలు పైకి వెళితే ఈ పొర వాటిని మింగేస్తుంది. సూర్యుడు అస్తమించగానే అక్కడి ఎలక్ట్రాన్లు త్వరగా తిరిగి అణువులతో కలిసిపోతాయి, డీ పొర దాదాపు అదృశ్యమవుతుంది. అప్పుడు తరంగాలకు పైదారి తెరుచుకుంటుంది. మరింత ఎత్తున రాత్రి కూడా మిగిలి ఉండే పొరలు వాటిని కిందికి వంచి వందల కిలోమీటర్ల అవతల నేలకు దింపుతాయి. విశాఖ గొంతు కొండలను దాటి రాదు, కొండల మీదుగా ఎగసి ఆకాశం నుంచి దిగుతుంది.

ఆ పొరలు నిశ్చలంగా ఉండవు. ఒకే ప్రసారం రెండు మూడు దారుల్లో చేరి ఒక క్షణం ఒకదానికొకటి బలమిస్తాయి, మరో క్షణం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గొంతు అలలాగా దగ్గరై దూరమయ్యే ఈ స్థితిని ఫేడింగ్ అంటారు. రాత్రి తెరుచుకునే దారి అందరికీ తెరుచుకుంటుంది గనుక అదే పౌనఃపున్యంలోని దూరదేశపు కేంద్రాలూ చొరబడతాయి. అది ఇంటర్‌ఫియరెన్స్.

1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ సముద్రం మీదుగా సంకేతం పంపినప్పుడు, సూటిగా సాగే తరంగం భూమి వంపును ఎలా దాటిందన్న ప్రశ్న తలెత్తింది. పై వాతావరణంలో విద్యుత్తును ప్రసరింపజేసే పొర ఉండవచ్చని మరుసటి ఏడాది అమెరికాలో ఆర్థర్ కెన్నెలీ, ఇంగ్లండ్‌లో ఆలివర్ హెవిసైడ్ విడివిడిగా ప్రతిపాదించారు. 1924లో ఎడ్వర్డ్ ఆపిల్టన్ ప్రయోగపూర్వకంగా నిరూపించి 1947లో నోబెల్ బహుమతి అందుకున్నారు. తెలుగునేల మీద ఐనో ఆవరణ పరిశోధనకు ఆంధ్ర విశ్వవిద్యాలయం కేంద్రమైంది, ఆచార్య బి.రామచంద్రరావు ఆ కృషికి నాయకత్వం వహించారు. తిరుపతి సమీపంలోని గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ నేటికీ పై వాతావరణాన్ని పరిశీలిస్తోంది.

రొద, డెసిబెల్

సంకేతంతో పాటు చేరే అక్కరలేని అలజడి పేరు రొద, ఇంగ్లిషులో నాయిస్. మెరుపుల నుంచి, మోటార్ల నుంచి, నాసిరకం ఎల్‌ఈడీ దీపాల నుంచి, ఫోన్ ఛార్జర్ల నుంచి ఇది పుడుతుంది. సంకేతం ఎంత బలంగా ఉందన్నది ఒక్కటే ముఖ్యం కాదు, రొద కంటే ఎన్ని రెట్లు బలంగా ఉందన్నది ముఖ్యం. దీనిని సంకేత–రొద నిష్పత్తి అంటారు. ఏకాంతంలో గుసగుస వినిపిస్తుంది, తిరనాళ్లలో అరుపు కూడా వినిపించదు. రేడియో వాల్యూమ్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయే తప్ప నిష్పత్తి మారదు. రొద పుట్టిస్తున్న దీపాన్ని ఆర్పితే మారుతుంది.

ఈ నిష్పత్తులు కోట్ల రెట్లలో ఉంటాయి కనుక ఇంజినీర్లు డెసిబెల్ అనే కుదించిన కొలతను వాడతారు. సామర్థ్యం రెట్టింపైతే సుమారు 3 డెసిబెల్‌లు, పది రెట్లయితే 10, వంద రెట్లయితే 20, వెయ్యి రెట్లయితే 30. సెల్‌ఫోన్ సెట్టింగ్స్‌లో సిగ్నల్ బలం మైనస్ 70, మైనస్ 110 వంటి అంకెల్లో కనిపిస్తుంది. ఒక మిల్లీవాట్‌ను సున్నాగా తీసుకుని లెక్కించిన డెసిబెల్‌లు అవి. మైనస్ 70కి, మైనస్ 110కి మధ్య తేడా 40 డెసిబెల్‌లు, అంటే పదివేల రెట్లు. అంతటి తేడా తెర మీద రెండు మూడు గీతలుగానే కనిపిస్తుంది.

ముల్లు తిప్పినప్పుడు జరిగేది

యాంటెన్నాకు ఒకే సమయంలో ఎన్నో కేంద్రాల తరంగాలు తగులుతాయి. వాటిలో ఒకదానిని ఎంచుకోవడమే ట్యూనింగ్. తీగచుట్టను ఇండక్టర్ అంటారు, విద్యుదావేశాన్ని కొద్దిసేపు నిల్వ చేసే భాగాన్ని కెపాసిటర్ అంటారు. ఈ రెండూ కలిస్తే ఉయ్యాలలాగా ఒక నిర్దిష్ట లయలోనే ఊగుతాయి. ఆ లయకు సరిపడిన తరంగం తగిలితే ఊపు పెరుగుతుంది, మిగిలినవి తగిలినా పెద్దగా కదలదు. దీనికి అనునాదమని పేరు. పాత సెట్టులో ముల్లు తిప్పడమంటే కెపాసిటర్ పలకలను జరిపి ఉయ్యాల లయను మార్చడమే. తర్వాత విద్యుత్తును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్ వాహక తరంగం నుంచి మాటను వేరు చేస్తుంది. బండి నుంచి సరకు దించే ఈ పనికి డీమాడ్యులేషన్ అని పేరు. ఎక్కడో ఎక్కించిన మాట ఇక్కడ దిగి, లౌడ్‌స్పీకర్ ద్వారా మళ్లీ గాలిలో కంపనమవుతుంది.

బిట్టుకు, బైటుకు మధ్య ఎనిమిది రెట్లు

ఇంతవరకు చెప్పుకున్నది అనలాగ్ పద్ధతి. తరంగం ఆకృతి మాట ఆకృతిని నిరంతరంగా అనుకరిస్తుంది. డిజిటల్ పద్ధతిలో మాటను నిర్ణీత వ్యవధుల్లో కొలిచి ఆ కొలతలను అంకెలుగా పంపుతారు. ఇలా కొలవడాన్ని శాంప్లింగ్ అంటారు. సంప్రదాయ డిజిటల్ టెలిఫోన్ వ్యవస్థ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లతో రాస్తుంది. ఆ లెక్కన సెకనుకు 64,000 బిట్లు. బిట్ అంటే సున్నా లేదా ఒకటి, అంతకంటే చిన్న సమాచారం లేదు. రొద కొంత సోకినా సున్నాను సున్నాగా, ఒకటిని ఒకటిగా గుర్తించగలిగినంతకాలం మాట చెక్కుచెదరదు. ఆ హద్దు దాటితే మాత్రం గరగర ఉండదు, మాటే తెగిపోతుంది. ఆకాశవాణి పలు కేంద్రాల్లో ప్రవేశపెట్టిన డిజిటల్ రేడియో పద్ధతి డీఆర్ఎంను వినాలంటే అందుకు తగిన సెట్టు అవసరం. పాత సెట్టులో అది బుసలాగా మాత్రమే వినిపిస్తుంది.

ఎనిమిది బిట్లు ఒక బైట్. ఇంటర్నెట్ వేగాన్ని మెగాబిట్లలో, ఫైళ్ల పరిమాణాన్ని మెగాబైట్లలో చెప్పడం ఆనవాయితీ. సెకనుకు 40 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు దిగేది గరిష్ఠంగా 5 మెగాబైట్లే. ఇది మోసం కాదు, కొలమానాల తేడా. అయితే తేడా తెలియని వినియోగదారు తనకు రావలసిన దానిలో ఎనిమిదో వంతే వస్తోందని భ్రమపడవచ్చు, నిజంగా తక్కువ వస్తున్నప్పుడు గుర్తించలేకపోవచ్చు కూడా.

సెల్, ఫైబర్, లేటెన్సీ

సెల్‌ఫోన్‌కు ఆ పేరు తెచ్చింది ‘సెల్’ అన్న భావన. సేవా ప్రాంతాన్ని చిన్న గడులుగా విభజించి ఒక్కో గడికి ఒక టవర్ ఏర్పాటు చేస్తారు. ఒక గడిలో వాడిన పౌనఃపున్యాన్ని తగిన దూరంలో మళ్లీ వాడుకోవచ్చు. విజయనగరం వైపు సాగే రైలులో మాట్లాడుతున్నప్పుడు ఫోన్ ఒక గడి నుంచి మరో గడికి చేతులు మారుతుంది, దీనిని హ్యాండోవర్ అంటారు. మన దేశంలో 2022 అక్టోబరు 1న ప్రారంభమైన 5జీ సేవలకు 700 మెగాహెర్ట్జ్, 3,300 మెగాహెర్ట్జ్ పరిసరాల పౌనఃపున్యాలను కేటాయించారు. మొదటిది దూరం వెళుతుంది, గోడలను దాటుతుంది గాని వెడల్పు తక్కువ. రెండోది ఎక్కువ సమాచారాన్ని మోస్తుంది గాని త్వరగా క్షీణిస్తుంది.

ఫోన్ నుంచి టవర్ వరకే గాలి దారి. అక్కడి నుంచి సమాచారం చాలాచోట్ల ఆప్టికల్ ఫైబర్‌లో, అంటే వెంట్రుకలాంటి గాజు పోగులో కాంతిగా ప్రయాణిస్తుంది. పోగు లోపలి గోడలకు తగిలి కాంతి బయటికి పోకుండా మళ్లీ మళ్లీ లోనికే మరలడాన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. రోడ్డు పనుల్లో ఈ గాజు పోగు తెగితే టవర్ వెలుగుతూనే ఉంటుంది, ఫోన్‌లో గీతలూ నిండుగా ఉంటాయి, ఇంటర్నెట్ మాత్రం ఉండదు.

పంపిన సమాచారం చేరడానికి పట్టే ఆలస్యం లేటెన్సీ. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి వెళ్లి కిందికి రావడానికే సుమారు పావు సెకను పడుతుంది. డిజిటల్‌గా కుదించి విప్పడానికి మరికొంత సమయం కావాలి. క్రికెట్ మ్యాచ్‌లో సిక్సర్ వార్త అనలాగ్ రేడియో ఉన్న ఇంటికి ముందుగా, డిష్ టీవీ ఇంటికి ఆ తర్వాత, ఫోన్‌లో చూసేవారికి అందరికంటే చివరగా చేరడానికి కారణం ఇదే.

‘సిగ్నల్ లేదు’ అన్న మాటకు అర్థాలు

‘సిగ్నల్ లేదు’ అన్న ఒక్క మాట కింద వేర్వేరు లోపాలు దాగి ఉంటాయి. గీతలు తగ్గి ఉంటే సంకేతం క్షీణించిందని, మేడ ఎక్కితే ప్రయోజనం ఉండవచ్చని అర్థం. గీతలు నిండుగా ఉన్నా సాయంత్రం వేళల్లోనే మందగిస్తే ఆ గడిలో వాడకందార్లు పెరిగి బ్యాండ్‌విడ్త్ పంచుకోవలసి వస్తోందని భావించవచ్చు. గీతలు నిండుగా ఉండి ఏ వేళలోనూ ఇంటర్నెట్ రాకపోతే టవర్ వెనుక దారి తెగి ఉండవచ్చు. ఒకే గదిలో, ఒకే దీపం వెలిగినప్పుడు రేడియో మూలిగితే అది రొద. ఫిర్యాదు చేసేవారు ‘నెట్ రావడం లేదు’ అనడానికి బదులు ఈ వివరం చెప్పగలిగితే సమస్య ఎక్కడుందో సాంకేతిక సిబ్బందికి సగం తెలిసిపోతుంది.

విపత్తు వేళ ఈ పరిజ్ఞానం విలువ మరింత పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్ సరఫరా, టెలిఫోన్ వ్యవస్థలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. సెల్ వ్యవస్థలో ప్రతి గడికి ఒక టవర్, ఆ టవర్‌కు విద్యుత్తు, దాని వెనుక ఫైబర్ ఉండాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా ఆ గడి మూగబోతుంది. మీడియం వేవ్‌లో ఎక్కడో సురక్షితంగా ఉన్న ఒక్క ప్రసార కేంద్రం, శ్రోత చేతిలో రెండు బ్యాటరీల సెట్టు ఉంటే చాలు. అయితే అది ఒకవైపు దారి మాత్రమే, వినడమే తప్ప బదులు చెప్పడం కుదరదు. అందువల్ల తీర ప్రాంతాల ఇళ్లలో ఫోన్‌తో పాటు బ్యాటరీ రేడియో ఉండటం, తమ ప్రాంతపు కేంద్రం ఏ కిలోహెర్ట్జ్ వద్ద ఉందో ముందే రాసిపెట్టుకోవడం మంచిది. స్థానిక కేంద్రం మూగబోతే పగలు పొరుగు జిల్లా కేంద్రాన్ని, రాత్రి దూరపు కేంద్రాలను వెతకాలన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఆరంగ్‌లో రాత్రివేళ వినిపించే తెలుగు మాట ఏ ఒక్కరి ప్రతిభా కాదు. మైక్రోఫోన్, వాహక తరంగం, స్తంభం, అస్తమించిన సూర్యుడు, ఎత్తైన పొరలు, సెట్టులోని తీగచుట్ట వరుసగా తమ వంతు నెరవేర్చడం వల్లే అది అక్కడికి చేరుతుంది. తెల్లవారి డీ పొర తిరిగి ఏర్పడగానే ఆ దారి మూసుకుపోతుంది. 981 దగ్గర రాయ్‌పుర్ మాత్రం భూతల తరంగం మీద వినిపిస్తూనే ఉంటుంది.